సగటులో లేనివాళ్ళు

ఆ లాండ్రీలో షాపు ఎక్కడ అయిపోయిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. భోజనాల బల్ల మీద ఒక పక్క కంచాలుంటే ఇంకో పక్క ఎవరివో తెల్ల చొక్కాలు మడతలు పెట్టి ఉంటాయి. చేతి నుంచి కూర చుక్క జారిందంటే అమ్మ ఊరుకోదు. "కంచంలో తినండి, కస్టమరు మీద కాదు" అంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం బల్ల మీద కంచాలూ లేవు, చొక్కాలూ లేవు. చెల్లెలు మొత్తం ఆక్రమించేసింది. ఎదురుగా ఇంజనీరింగ్ కాలేజీ రంగుల పుస్తకం, చేతిలో ఫోను, ఫోనులో క్యాలిక్యులేటరు. మెకానికల్‌లో సీటు వచ్చింది. నాలుగేళ్ళ ఫీజుకీ అప్పు ఇస్తానని బ్యాంకు చెప్పింది. రేపు పొద్దున వెళ్ళి సంతకాలు పెట్టాలి. షాపు తాకట్టు పెట్టడానికి నాన్న ఎప్పుడో తల ఊపేశాడు.

ఆ పిల్లకి ఇంకో దారి కూడా ఉంది. లిఫ్టులు బిగించే కంపెనీ ఒకటి ఏటా కొద్దిమందిని తీసుకుని పని నేర్పుతుంది, నేర్చుకున్నంత కాలం చిన్న జీతం ఇస్తుంది. ఆ పరీక్షలోనూ ఆమె నెగ్గింది. వస్తున్నదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా చెప్పమన్నారు.

అన్నయ్య గుమ్మంలో కూర్చుని రేపటికి బూట్లు తుడుచుకుంటున్నాడు. వీధి మొత్తానికి అతను 'ఇంజనీరు'. అదే కాలేజీ, అదే మెకానికల్. ఆ ఇంట్లో తాతల తరం నుంచీ చూసుకున్నా పట్టా పుచ్చుకున్న మొదటివాడు. బయటికొచ్చి మూడేళ్ళయింది.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పు" అంది చెల్లెలు. "మన కాలేజీ మెకానికల్ వాళ్ళ సగటు జీతం ఇక్కడ వేశారు. దీన్ని పట్టుకుని లెక్క వేస్తే అప్పు తీరిపోగా చేతిలో బాగానే మిగులుతుంది. లిఫ్టుల వాళ్ళిచ్చేది దీని ముందు ఆనదు. ఈ అంకె నమ్మొచ్చా?"

"పుస్తకంలో అచ్చేశారంటే..."

"అచ్చేసిన సంగతి నాకూ కనిపిస్తోంది. నీకొచ్చేది దీనికి దగ్గరగా ఉందా, లేదా?"

అవతల ఇస్త్రీ చేస్తున్న నాన్న చెయ్యి ఆగింది. "అమ్మలూ, అదేం ప్రశ్నే? ఆడదాని వయసూ మగాడి జీతమూ అడక్కూడదని ఎన్నిసార్లు చెప్పాను? కన్నతండ్రిని, నేనే ఇన్నేళ్ళలో అడగలేదు."

"నాకు పద్దెనిమిది. చెప్పేశాను, ఏమీ కాలేదు. ఇప్పుడు అన్నయ్య వంతు."

అమ్మ మడతపెడుతున్న దుప్పటి వెనక నుంచి నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. వాళ్ళు నవ్వుతుండగానే చెప్పేసి ఉంటే సరిపోయేది. అతను బూటు లోపలికి చూస్తూ, "అటూ ఇటూగా అంతే" అన్నాడు.

"హమ్మయ్య" అంది చెల్లెలు.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆ పిల్ల ఏ పనీ రేపటికి పెట్టుకునే రకం కాదు. ఫోను తీసుకుని వీధి గుమ్మంలోకి, సరిగ్గా అతని పక్కకే వచ్చి నిలబడి, లిఫ్టుల కంపెనీకి ఫోను చేసింది. "నమస్కారం సార్. నాకు అవకాశం ఇచ్చినందుకు థాంక్స్ సార్. నేను ఇంజనీరింగ్‌లో చేరుతున్నాను. నా చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యండి సార్." ఎంతో మర్యాదగా, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఇంజనీరు తుడిచిన బూటునే మళ్ళీ తుడిచాడు. ఆగమని అనాలి. ఎందుకని ఆమె అడుగుతుంది. అడిగితే చెప్పాలి. అతను రెండో బూటు అందుకున్నాడు.

అతను పని చేసేది ప్లాస్టిక్ సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో. అచ్చుల్లోంచి మూతలు కుప్పగా రాలుతుంటే గుప్పెడు తీసి, మర సరిగ్గా పడిందా, అంచు చీలిందా, సీలు ఊడుతుందా చూడాలి. పని చెడ్డదేం కాదు. అక్కడ ఎవరూ తిట్టరు, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. ఆ జీతం కాలేజీ పుస్తకంలో ఉన్న సగటులో సగం కూడా ఉండదు. అందులోనూ సగం అతని చదువు అప్పుకే పోతుంది. పక్క బల్ల దగ్గర కూర్చునే అతను స్కూలు అయిపోగానే చిన్న కోర్సు చేసి ఇందులో చేరాడు. అతనికీ ఇతనికీ జీతంలో పెద్ద తేడా లేదు. అతనికి అప్పు లేదు.

ఇంట్లో చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది. నెల నెలా అతను అమ్మ చేతికి కొంత ఇస్తాడు. జీతంలోంచి ఇస్తే బస్సు ఛార్జీలకి కూడా మిగలదు కాబట్టి, కంపెనీలో అర్జెంటు పనని చెప్పి చాలా సెలవు రోజులు ఒక గోడౌన్‌లో పెట్టెలు ఎత్తి దించే పనికి పోతాడు. ఆ డబ్బు దాచి నాన్న ఆవిరితో నడిచే ఇస్త్రీ మిషన్ కొన్నాడు. వచ్చిన ప్రతి కస్టమరునీ లోపలికి పిలిచి చూపిస్తాడు. "మావాడి జీతం నేనడగనండీ. ఈ మిషన్ చూడండి, మీకే అర్థమవుతుంది" అంటాడు. మిషన్ బుస్సుమన్నప్పుడల్లా ఇంజనీరు ఏదో పని ఉన్నట్టు బయటికి నడుస్తాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోలేక గడ్డం దగ్గరికి వెళ్ళాడు. గడ్డం అంటే అతని క్లాస్‌మేట్. కాలేజీలో పెంచిన గడ్డం తీసేసినా పేరు మిగిలింది. పార్సిల్ వ్యాన్ నడుపుతాడు. మెకానికల్ చదివి ఇదేంటని ఎవరైనా అడిగితే, "చక్రాలున్నాయిగా" అంటాడు. ఆ పూట వ్యాన్ వెనక తలుపులు తెరుచుకుని, మర్నాటి పార్సిళ్ళు వీధుల వారీగా సర్దుకుంటున్నాడు.

"ఏరా, కాలేజీ వాళ్ళు ఏటా ఫోన్ చేసి జీతాలు అడుగుతారు కదా. నువ్వు ఎప్పుడైనా ఎత్తావా?"

"బండి నడుపుతూ ఫోన్ ఎత్తకూడదు. చలానా రాస్తారు."

"వేళాకోళం కాదురా."

"ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పమంటావ్? పార్సిళ్ళు పంచుతున్నాననా? కాలేజీ నుంచి చేసే అమ్మాయి ఫోన్ పెట్టేసి పక్క సీటు అమ్మాయితో చెప్పుకుని నవ్వుతుంది. మన గ్రూపులోనే చూశావుగా, కాలేజీ నంబరు తిరుగుతోందంటే దొంగలు తిరుగుతున్నారన్నట్టు ముందే హెచ్చరించుకుంటాం."

"మరి ఎత్తింది ఎవరు?"

గడ్డం ఒక పార్సిల్ చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "చమురు కంపెనీ పొడుగోడు ఎత్తాడు. వాడు ఎత్తడమేంటి, వాళ్ళు చెయ్యకపోతే వాడే చేస్తాడు. విమానాల ఇంజన్లు చూసే అమ్మాయి ఎత్తింది. మామగారి ఫ్యాక్టరీలో మేనేజరైనవాడు ఎత్తాడు. ఇంకా..." ఇంకెవరూ తట్టలేదు. పార్సిల్ కింద పెట్టాడు.

"అంటే ఆ సగటు వాళ్ళది" అన్నాడు ఇంజనీరు.

"మరి? కాలేజీ వాళ్ళు అబద్ధం రాయలేదురా. చెప్పినవాళ్ళ లెక్క రాశారు. మనమంతా సిగ్గుపడి నోరు మూసుకున్నాం, సగటు లేచి కూర్చుంది. నోరు మూసుకున్నవాడికి సున్నా కూడా వెయ్యరు, వదిలేస్తారు." నవ్వబోయి ఊరుకున్నాడు. "పోయినేడు మా పిన్ని కొడుకు అక్కడే చేరాడు. చేరేముందు నన్ను అడిగాడు కూడా."

"ఏం చెప్పావు?"

"కష్టపడితే పైకొస్తావన్నాను." ఇంకో పార్సిల్ అందుకుని, "నువ్వేం చెప్పావు మీ చెల్లెలికి?" అన్నాడు.

"అటూ ఇటూగా అన్నాను."

"సగానికి తక్కువైతే అది అటూ కాదు, ఇటూ కాదు. అది వేరే వీధి. ఈ రాత్రికి చెప్పేసెయ్."

రాత్రి చెప్పలేదు. పొద్దున్న చెబుదామనుకుని లేచేసరికి, నాన్న ముగ్గురి బట్టలూ కొత్త మిషన్ మీద ఇస్త్రీ చేసి వరసగా తగిలించాడు. చొక్కా మడత మీద వేలు పెడితే తెగేట్టుంది. బ్యాంకుకి వెళ్ళడమంటే నాన్నకి పెళ్ళిచూపులకి వెళ్ళినట్టే. అమ్మ షాపులో ఉండిపోయింది. "సంతకం పెట్టేముందు చదువుకోండి, అర్థం కాకపోతే ఇంజనీరున్నాడుగా" అంది. బస్సులో చెబుదామనుకున్నాడు. చెల్లెలు కిటికీలోంచి చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూశాక 'లోపలికి వెళ్ళాక చూద్దాం' అనుకున్నాడు, ఎవరో వచ్చి తన బదులు చెప్పేస్తారన్నట్టు.

బ్యాంకులో అప్పుల సెక్షన్ ఒక మూల అద్దాల గది. ఆఫీసరు నడివయసు ఆవిడ. కళ్ళజోడు తలమీదికి నెట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా విని గానీ మాట్లాడదు. షాపు ఎవరి పేరు మీద ఉంది, అద్దెకిచ్చారా, అన్నీ అడిగింది. నాన్న చేతులు కట్టుకుని ఒక్కొక్కటీ చెప్పాడు.

"ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తున్నారా?"

"మావాడండీ. ఇంజనీరు" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట చెప్పడానికే పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నట్టు చెప్పాడు.

"అయితే మంచిది. బాబూ, మీకు ఎంతొస్తుంది?"

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మీరు మాట్లాడుకోండమ్మా, నేను బయట నిలబడతాను."

"ఎందుకండీ?"

"కొడుకు జీతం నా చెవిన పడకూడదండీ. మా నాన్న ఏనాడూ నన్నడగలేదు. నేనూ వాణ్ణి అడగను. అమ్మలూ, నువ్వూ రా."

చెల్లెలు కూడా లేచింది. నిన్న అంత దబాయించి అడిగిన పిల్ల, ఈ పరాయి గదిలో నాన్న మర్యాద నిలబెట్టడానికి బుద్ధిగా లేచి అతని వెనకే నడిచింది. ఆఫీసరు ఇద్దరి వంకా విచిత్రంగా చూసింది. నాన్న తలుపు మీద చెయ్యి వేశాడు.

ఇంజనీరుకి దారి ఇంతకన్నా నున్నగా ఎవరూ వెయ్యలేరు. వాళ్ళు బయటికి వెళ్తారు. తను గొంతు తగ్గించి ఆఫీసరుకి మాత్రమే చెబుతాడు. చాలకపోతే షాపు ఉంది. ఇద్దరూ తిరిగొచ్చి సంతకాలు పెడతారు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, చెల్లెలి చదువు అయిపోయేదాకా. ఆ తరువాత చెల్లెలికీ కాలేజీ నుంచి ఒక ఫోన్ వస్తుంది, ఆమె కూడా ఎత్తదు. అతను తెరుచుకుంటున్న తలుపు వంక తిరిగాడు.

"నాన్నా, వెళ్ళకు" అన్నాడు. "వచ్చి కూర్చో. నువ్వూ విను."

"వద్దులేరా..."

"నీకు దండం పెడతాను, వచ్చి కూర్చో."

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. అతను బల్ల అంచు చూస్తూ తన జీతం చెప్పాడు. ఆఫీసరు కళ్ళజోడు కిందికి లాక్కుని, మెత్తగా, "వారానికా?" అంది.

"నెలకి."

ఆమె ఏమీ రాసుకోలేదు. అతను ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాడు. అందులో సగం తన అప్పుకే పోతోందనీ, అది తీరడానికి ఇంకా ఏళ్ళు పడుతుందనీ, చెల్లెలికి అప్పు కట్టాల్సొస్తే తన వల్ల ఒక్క వాయిదా కూడా కాదనీ. ఆపితే మళ్ళీ నోరు పెగలదని భయం.

"మరి పుస్తకంలో ఉన్నది?" అంది చెల్లెలు.

"అది ఫోన్ ఎత్తి చెప్పినవాళ్ళ జీతం. నేను ఎత్తలేదు. నాలాంటివాళ్ళం చాలామందిమి ఎత్తలేదు."

"నిన్న నేను అడిగాను."

"అడిగావు."

"అటూ ఇటూగా అన్నావు."

"అన్నాను."

"ఆ మాట పట్టుకుని లిఫ్టుల వాళ్ళకి వద్దని చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. ఆఫీసరు తన ముందున్న కాగితాలు దగ్గరికి చేర్చి, "బయట గాలికి కూర్చుని మాట్లాడుకోండి. నేనెక్కడికీ పోను. సంతకం పెడితే మాత్రం వెనక్కి తీసుకోలేను" అంది.

బ్యాంకు ముందు మెట్ల మీద నాన్న కూర్చున్నాడు. ఇస్త్రీ నలుగుతుందని ఎక్కడా కూర్చోని మనిషి, దుమ్ములోనే కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు. "మరి అమ్మకిచ్చేది?"

"సెలవుల్లో గోడౌన్‌కి పోతాను. పెట్టెలు ఎత్తే పని."

"కంపెనీలో అర్జెంటన్నావు."

"అబద్ధం చెప్పాను."

నాన్న అరచేతులు చూసుకున్నాడు. "వీధిలో ఎవణ్ణీ వదల్లేదురా నేను. అందర్నీ పిలిచి చూపించాను, మావాడి సంపాదనని. నువ్వు వింటూ ఉండేవాడివి." తల ఎత్తకుండానే, "అడక్కపోవడం పెద్దరికం అనుకున్నాను. అడిగితే చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణని అందామనుకున్నాడు. "ఏమో నాన్నా" అన్నాడు. అది నిజం.

"ఇకనుంచి ఇంటికి ఎంతివ్వగలవో ముందు చెప్పు, తరవాత ఇవ్వు. ఏమీ ఇవ్వలేకపోతే ఆ మాటే చెప్పు. కొంప మునగదు." అని, మళ్ళీ, "నిన్ను ఆ కాలేజీకి తోలింది నేనే కదా" అన్నాడు.

చెల్లెలు దూరంగా గోడవారన నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. నిన్నటి అప్పజెప్పిన పాఠంలా లేదు గొంతు. "నిన్న వద్దన్నది నేనే సార్... తప్పు లెక్క వేసుకుని వద్దన్నాను... అవును సార్, నాదే పొరపాటు... లేదు సార్, ఎవరూ బలవంతం చెయ్యలేదు." పొరపాటు నాదే అన్న మాట ఇంజనీరుకి చెంపపెట్టులా తగిలింది. ఆమె అన్నయ్య పేరెత్తలేదు.

తిరిగొచ్చి నాన్నతోనే చెప్పింది. "ఆ చోటు పొద్దున్నే ఇంకొకరికి ఇచ్చేశారంట. రేపు వచ్చి కూర్చోమన్నారు. ఎవరైనా రాకపోతే చూస్తారంట, మాట మాత్రం ఇవ్వలేమన్నారు."

"మరి కాలేజీ?"

"ఫీజుకి ఈ వారం చివరిదాకా టైముంది. ఇవాళ సంతకం పెట్టను. లెక్క నేను బాగానే వేశాను నాన్నా, అంకే తప్పు. మంచి అంకె దొరికితే మళ్ళీ వేస్తాను. అప్పుడు కూడా చేరాలనిపిస్తే చేరతాను." అప్పుడు మొదటిసారి అన్నయ్య వైపు తిరిగింది. "ఫోన్ ఎత్తనివాళ్ళ జీతాలు నాకు కావాలి."

"చెప్పరు అమ్మలూ. సిగ్గుపడతారు."

"నీ కన్నా ఎక్కువా?"

నాన్న లోపలికి వెళ్ళి ఆఫీసరుతో ఇవాళ కాదని చెప్పి వచ్చాడు. ఈలోగా ఇంజనీరు ఫోను తీసి క్లాస్‌మేట్ల గ్రూపు తెరిచాడు. రాయడం మొదలుపెట్టి, చెరిపి, మళ్ళీ రాశాడు. 'నాకు నెలకి వచ్చేది ఇది. అప్పుకి పోయేది ఇది. మా చెల్లెలు ఈ వారంలో మన కాలేజీలో చేరాలో వద్దో తేల్చుకోవాలి. మనం చెప్పని వాటిని వదిలేసి సగటు కట్టారు. దయచేసి మీవి కూడా చెప్పండి.' చమురు కంపెనీ పొడుగోడు ఇది చదువుతాడు. విమానాల అమ్మాయి చదువుతుంది. చదువుకునే రోజుల్లో ఆమె ముందు అతను ఎన్ని కోతలు కోశాడో అతనికి గుర్తొచ్చింది. అయినా పంపించేశాడు.

బస్సు వచ్చింది. చెల్లెలు ముందెక్కి, ఇద్దరు పట్టే సీటులో నాన్నని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. అన్నయ్యకి మధ్య దారికి ఇవతలి సీటు మిగిలింది. రెండు స్టాపులు దాటాయి. అతని జేబులో ఫోను మోగింది. ఎవరో నవ్వుతూ బొమ్మ పెట్టారో, ఇదంతా ఇక్కడెందుకని తిట్టారో. తీసి చూసే ధైర్యం లేక చేత్తో జేబు అదిమిపెట్టాడు.

చెల్లెలు అతని మొహం వంక చూడలేదు. చెయ్యి మాత్రం దారికి అడ్డంగా చాపింది. అతను ఫోను తీసి ఆ చేతిలో పెట్టాడు.

ఆమె వచ్చిన సందేశం చదివింది. తన ఫోనులో క్యాలిక్యులేటరు తెరిచి అన్నయ్య జీతం వేసింది, దాని పక్కన కూడిక గుర్తు వేసి సందేశంలో ఉన్న అంకె వెయ్యడం మొదలుపెట్టింది. ఆ అంకె పూర్తి కాకుండానే అతని ఫోను ఆమె ఒళ్ళో మళ్ళీ మోగింది.